ఉద్యోగ వేటలో రిక్రూటర్ మెసేజ్‌ల గోల: ఆపాలా, వడకట్టాలా, జవాబివ్వాలా?

రెజ్యూమెను జాబ్ పోర్టల్‌లో పెట్టిన మర్నాడు ఫోన్ మోగితే సంతోషంగా ఉంటుంది. పది రోజులు పోయాక అదే ఫోన్ మోగితే ఒళ్లు మండుతుంది. మీరు అకౌంట్స్ మనిషైతే సేల్స్ ఉద్యోగం ఉందంటారు. ఎనిమిదేళ్ల అనుభవం ఉందని రెజ్యూమెలో పైనే రాసుకున్నా, ఏడాది అనుభవం చాలనే ఉద్యోగం పంపుతారు. ఒకే కంపెనీలో ఒకే ఖాళీ గురించి ముగ్గురు వేర్వేరు మనుషులు ఒకే రోజు మెయిల్ పెడతారు. అన్నీ పనికిరానివే అయితే పేచీ లేదు, నంబర్ మార్చేసి హాయిగా కూర్చోవచ్చు. కానీ ఆ గుట్టలో ఎక్కడో ఒక అసలైన పిలుపు ఉంటుంది. తలనొప్పి అక్కడే.

నేను రెండుసార్లు ఉద్యోగం వెతికాను, రెండుసార్లూ ఈ విషయంలో తప్పు చేశాను. మొదటిసారి వచ్చిన ప్రతి మెసేజ్‌కీ మర్యాదగా జవాబు రాస్తూ సాయంత్రాలన్నీ పోగొట్టుకున్నాను. రెండోసారి దానికి విరుగుడుగా, సబ్జెక్టులో ‘అర్జెంట్’ అన్న మాట కనబడితే మెయిల్ నేరుగా చెత్తబుట్టలోకి వెళ్లేలా జీమెయిల్‌లో ఫిల్టర్ పెట్టాను. ఒక కంపెనీ హెచ్‌ఆర్ నుంచి ఇంటర్వ్యూ టైమ్ మారిందని మెయిల్ వచ్చింది, ‘అర్జెంట్’ అన్న మాటతోనే. నేను పాత టైమ్‌కే వెళ్లాను. వాళ్లు మళ్లీ పిలవలేదు. ఫిల్టర్ పెట్టింది నేనే కాబట్టి ఎవరినీ అనడానికి లేదు. అప్పటి నుంచి ఏ పద్ధతినైనా ముందు ఒక ప్రశ్నతో చూస్తున్నాను: దీనివల్ల పొరపాటు జరిగితే వెనక్కి తీసుకోగలనా?

## అసలు ఇన్ని ఎందుకొస్తాయి

కారణం తెలిస్తే ఏ పద్ధతి ఎక్కడ పనిచేస్తుందో తేలిగ్గా అర్థమవుతుంది.

చాలామంది రిక్రూటర్లు మీ రెజ్యూమెను చదివి మెసేజ్ పంపరు. డేటాబేస్‌లో కొన్ని మాటలు కొట్టి వెతుకుతారు, వచ్చిన జాబితా మొత్తానికీ ఒకే మెసేజ్ పంపుతారు. ఎప్పుడో ఒక ప్రాజెక్టులో మూడు నెలలు జావా వాడానని మీరు రాసి ఉంటే, ఇప్పుడు మీరు మేనేజరైనా ఆ జాబితాలో ఉంటారు. ఈమధ్య అప్‌డేట్ చేసిన ప్రొఫైళ్లను ముందు చూసే వీలు వాళ్లకు ఉంటుంది. అందుకే మీరు రెజ్యూమెలో ఒక కామా సరిచేసిన రోజే ఫోన్లు మొదలవుతాయి.

రెండో కారణం డబ్బు. చాలా కన్సల్టెన్సీలకు తాము పంపిన అభ్యర్థి చేరితేనే ఫీజు వస్తుంది, లేకపోతే సున్నా. అదే ఖాళీని కంపెనీ నాలుగైదు కన్సల్టెన్సీలకు ఇచ్చి ఉండొచ్చు. ఎవరు ముందు పంపితే వాళ్లదే లెక్క. మెసేజ్ పంపడానికి ఖర్చు లేదు, ఆలస్యమైతే మాత్రం నష్టం. ఇలాంటి చోట ఆగి ఆలోచించి పంపమంటే ఎవరు వింటారు?

మూడోది, ఒకసారి ఒక ఏజెన్సీ డేటాబేస్‌లోకి వెళ్లిన రెజ్యూమె అక్కడే ఉండిపోతుంది. మీరు ఉద్యోగంలో చేరి మూడేళ్లయినా అందులోని నంబర్‌కే ఫోన్ చేస్తారు.

వచ్చేవాళ్లు కూడా ఒక రకం కాదు. కంపెనీ సొంత హెచ్‌ఆర్, చేతిలో నిజంగా ఖాళీ ఉన్న కన్సల్టెన్సీ, గంపగుత్తగా పంపేవాళ్లు, రిక్రూటర్ వేషంలోని మోసగాళ్లు. మొదటి ఇద్దరినీ పోగొట్టుకోకూడదు, మూడోవాళ్లను వడకట్టాలి, నాలుగోవాళ్లతో మాట్లాడనేకూడదు. ఒకే మందు నలుగురికీ పనిచేయదు.

## దేన్ని బట్టి ఎంచుకోవాలి

పద్ధతుల్లోకి వెళ్లేముందు కొలతలు పెట్టుకుందాం.

అసలు పిలుపు జారిపోయే ప్రమాదం. ఇది అందరికీ ఒకేలా ఉండదు. చేతిలో ఉద్యోగం ఉన్నవాడికి ఒక మెసేజ్ పోతే పోయింది. ఉద్యోగం పోయి రెండు నెలలైనవాడికి ఆ ఒక్కటే కావచ్చు.

రోజూ పట్టే సమయం. మెసేజ్ చదివే అర నిమిషంతో ఇది అయిపోదు. చేస్తున్న పని ఆపి, చదివి, విసుక్కుని, మళ్లీ పనిలో పడేదాకా లెక్క వేసుకోవాలి.

వెనక్కి తీసుకోగలమా. సెట్టింగ్ మార్చితే మళ్లీ మార్చుకోవచ్చు. వంద మంది చేతుల్లోకి వెళ్లిన ఫోన్ నంబర్‌ను వెనక్కి తెచ్చుకోలేం.

గుట్టు. ఇప్పుడు పనిచేస్తున్న చోట తెలియకూడదనుకుంటే మిగతా అన్నిటికన్నా ఇదే ముందు.

మొదట్లో సెటప్‌కి పట్టే శ్రమ కూడా ఉంది గానీ, దాన్ని నేను పెద్దగా పట్టించుకోను. వీటిలో ఏదీ ఒక పూటకు మించి పట్టదు.

| పద్ధతి | జారిపోయే ప్రమాదం | రోజూ పట్టే సమయం | వెనక్కి తీసుకోవచ్చా |
|---|---|---|---|
| పట్టించుకోకుండా ఊరుకోవడం | మధ్యస్థం | తక్కువే, విసుగు మాత్రం ఎక్కువ | ఎప్పుడైనా |
| ప్రొఫైల్ సెట్టింగ్స్ బిగించడం | మధ్యస్థం నుంచి ఎక్కువ | దాదాపు సున్నా | వెంటనే |
| విడి ఈమెయిల్ లేదా అలియాస్ (మారు అడ్రస్) | తక్కువ, రోజూ చూస్తేనే | పది నిమిషాలు | పూర్తిగా |
| ఫిల్టర్, లేబుల్ | లేబుల్ అయితే తక్కువ, డిలీట్ అయితే చాలా ఎక్కువ | అయిదు నిమిషాలు | డిలీట్ అయితే కొద్ది రోజులే |
| విడి నంబర్ | తక్కువ | రోజుకు రెండుసార్లు చూడాలి | పూర్తిగా |
| తెలియని కాల్స్ మూగబోయేలా పెట్టడం | ఎక్కువ | దాదాపు సున్నా | వెంటనే, వచ్చిన కాల్ పోయినట్టే |
| రెడీమేడ్ జవాబు | చాలా తక్కువ | పావుగంట | అవసరం రాదు |
| బ్లాక్, రిపోర్ట్ | సరిగా వాడితే లేదు | అరుదుగా | అవును, కానీ గుర్తుండదు |

## ఊరుకోవడం

చదివి వదిలేయడం అందరూ చేసేదే, తప్పేం కాదు. రోజుకు రెండు మూడు మెసేజ్‌లే వస్తుంటే ఇంతకు మించి ఏమీ అక్కర్లేదు, మీరు ఈ వ్యాసం ఇక్కడే ఆపేయొచ్చు. జవాబు రాకపోతే కొందరు వారం పాటు ‘ఫాలో అప్’ పేరుతో అదే మెయిల్ మళ్లీ మళ్లీ పంపుతారు, అదొక్కటే చిక్కు.

## ప్రొఫైల్ దగ్గరే తగ్గించడం

లింక్డిన్‌లో ‘ఓపెన్ టు వర్క్’ రెండు రకాలుగా పెట్టుకోవచ్చు. ఫొటో చుట్టూ ఆకుపచ్చ చట్రం వచ్చేలా అందరికీ చూపించడం ఒకటి, రిక్రూటర్లకు మాత్రమే కనిపించేలా పెట్టడం రెండోది. అందరికీ కనిపించేది పెట్టగానే మంచివాళ్లతో పాటు గంపగుత్తవాళ్లు, మోసగాళ్లు కూడా వస్తారు. ‘ఇతను అవసరంలో ఉన్నాడు’ అని ఆ చట్రమే చెబుతుంది మరి. రిక్రూటర్లకు మాత్రమే అన్నది పెడితే గోల బాగా తగ్గుతుంది.

ఇక్కడ గుట్టు గురించి ఒక మాట. రిక్రూటర్లకు మాత్రమే అని పెట్టినప్పుడు మీ ప్రస్తుత కంపెనీ రిక్రూటర్లకు కనబడకుండా లింక్డిన్ జాగ్రత్త తీసుకుంటుంది. కానీ పూర్తి హామీ ఇవ్వలేమని వాళ్లే చెబుతున్నారు. మీ కంపెనీ వాడే బయటి కన్సల్టెన్సీ మనిషికి అది కనిపిస్తే? కనిపించవచ్చు. మీ బాస్‌కి తెలిస్తే ఉద్యోగానికే ముప్పు అనే పరిస్థితి ఉంటే ఆ మీట అసలు నొక్కకండి. మీరే వెతుక్కుని అప్లై చేసుకోండి.

ఇన్‌మెయిల్‌ను, అంటే మీ పరిచయస్తుల జాబితాలో లేనివాళ్లు లింక్డిన్‌లో పంపే మెసేజ్‌ను, పూర్తిగా ఆపేసే వీలు కూడా సెట్టింగ్స్‌లో ఉంది. ఉద్యోగం వెతుకుతున్నన్నాళ్లూ దాని జోలికి పోవద్దంటాను. ఇన్‌మెయిల్ పంపేవాడు దానికి క్రెడిట్ ఖర్చుపెడతాడు. మీరు 90 రోజుల్లోపు ఒప్పుకున్నా, వద్దన్నా, జవాబిచ్చినా ఆ క్రెడిట్ అతనికి తిరిగొస్తుంది, పట్టించుకోకపోతే పోతుంది. ఖర్చుపెట్టి పంపేవాడు కాస్తయినా ఎంచి పంపుతాడు. అందుకే అన్ని దారుల్లోనూ ఇన్‌మెయిల్‌లో చెత్త తక్కువ. ‘నాకు ఆసక్తి లేదు’ అనే బటన్ నొక్కితే మీకు ఒక క్లిక్, అతనికి క్రెడిట్ వాపసు. ఇద్దరికీ మంచిదే.

ప్రొఫైల్ విషయంలో అందరూ మరిచిపోయేది ఇంకొకటుంది: అక్కర్లేని మాటలు తీసేయడం. ఇక చేయదలచుకోని పనికి సంబంధించిన నైపుణ్యాల పేర్లు జాబితాలోంచి తొలగించండి. కోరుకునే హోదా, చోటు, పని తీరు కచ్చితంగా రాయండి. రిక్రూటర్ వెతికేది మాటలతోనే కాబట్టి, మాట లేకపోతే మెసేజ్ లేదు. నా రెండో వేటలో ఎక్కువ తేడా తెచ్చింది ఇదే, ఫిల్టర్లు కాదు.

## వేటకు విడి ఈమెయిల్

రెజ్యూమె మీద మీ సొంత మెయిల్ కాకుండా ఉద్యోగ వేటకే పెట్టుకున్న మెయిల్ ఇవ్వడం. దీన్ని మూడు రకాలుగా చేయొచ్చు, మూడూ ఒకటి కాదు.

కొత్త మెయిల్ అకౌంట్ తెరవడం అన్నిటికన్నా సాదా పద్ధతి. బ్యాంకు మెయిళ్లు, ఇంటివాళ్ల మెయిళ్లు ఇందులో కలవవు. వేట అయిపోయాక చూడటం మానేస్తే సరి. రోజూ తెరిచి చూడాలని గుర్తుండకపోవడమే ప్రమాదం. ఫోన్‌లో మీ అసలు మెయిల్ పక్కనే దీన్నీ చేర్చుకుని, నోటిఫికేషన్ దీనికే ఆన్‌లో పెట్టండి.

రెండోది ప్లస్ అడ్రస్. జీమెయిల్‌లో మీ పేరు తర్వాత + గుర్తు పెట్టి ఏ మాట చేర్చినా మెయిల్ మీకే వస్తుంది. అవుట్‌లుక్‌లోనూ ఇది పనిచేస్తుంది. ఒక్కో పోర్టల్‌కి ఒక్కో మాట ఇస్తే మీ వివరాలు ఎవరి దగ్గర్నుంచి బయటికి పోయాయో తెలిసిపోతుంది. అది తెలుసుకోవడంలో ఒక తృప్తి ఉంది, కాదనను. కానీ కొన్ని వెబ్‌సైట్లు + గుర్తును ఒప్పుకోవు. పైగా + నుంచి ఉన్న ముక్క చెరిపేస్తే మీ అసలు అడ్రస్ బయటపడుతుంది. అది కనుక్కోవడానికి పెద్ద తెలివి అక్కర్లేదు. రెజ్యూమె మీద కూడా అది కాస్త వింతగా ఉంటుంది. పోర్టల్ ఖాతాలకు వాడండి, రెజ్యూమెకు వద్దు.

మూడోది అలియాస్ సేవలు. యాపిల్ ‘హైడ్ మై ఈమెయిల్’, ఫైర్‌ఫాక్స్ రిలే, సింపుల్‌లాగిన్ లాంటివి ఒక మారు అడ్రస్ ఇస్తాయి. దానికి వచ్చినవి మీ అసలు మెయిల్‌కి చేరతాయి. గోల ఎక్కువైతే ఆ ఒక్క అడ్రస్‌ను ఆపేయొచ్చు. వెనక్కి తీసుకోవడంలో దీన్ని మించింది లేదు. ఇబ్బంది రెండు చోట్ల వస్తుంది. ఆటోమేటిక్‌గా తయారైన అర్థంలేని అక్షరాల అడ్రస్‌ను చూస్తే హెచ్‌ఆర్‌కి అనుమానం రావచ్చు. మీరు జవాబు రాసేటప్పుడు అది మారు అడ్రస్ నుంచే వెళ్లేలా చూసుకోకపోతే అసలు అడ్రస్ తెలిసిపోతుంది.

నన్నడిగితే, రెజ్యూమె మీద మీ పేరుతో ఉన్న కొత్త అకౌంట్, పోర్టళ్లలో అదే అకౌంట్‌కి ప్లస్ మాటలు. ఎక్కువమందికి ఇది చాలు.

కంపెనీ ఇచ్చిన ఆఫీస్ మెయిల్ మాత్రం ఎట్టి పరిస్థితిలోనూ వద్దు. అది కంపెనీ చూడగలిగే మెయిల్, ఉద్యోగం మానిన రోజు మీ చేతిలోంచి పోయే మెయిల్.

## ఫిల్టర్లు

ఫిల్టర్‌కి ఒకటే నియమం: పక్కన పెట్టించండి, డిలీట్ చేయించకండి. జీమెయిల్‌లో చెత్తబుట్టలోకి వెళ్లిన మెయిల్ 30 రోజులకు పూర్తిగా పోతుంది, స్పామ్‌లోకి వెళ్లినదీ అంతే. ఇన్‌బాక్స్ దాటవేసి ఒక లేబుల్ కిందకు చేర్చమని పెడితే ఏదీ పోదు. రోజుకొకసారి ఆ లేబుల్ తెరిచి సబ్జెక్టుల మీదుగా కళ్లు పరిగెత్తిస్తే అయిదు నిమిషాల పని.

సబ్జెక్టులో మాటలను బట్టి ఫిల్టర్ పెట్టడం నా దెబ్బ తర్వాత నేను మానేశాను. ‘అర్జెంట్’, ‘ఖాళీ’, ‘అవకాశం’ లాంటి మాటలు మంచివాళ్లూ వాడతారు, చెడ్డవాళ్లూ వాడతారు. మెయిల్ ఎవరికి వచ్చిందో, అంటే ఏ ప్లస్ అడ్రస్‌కి వచ్చిందో చూసి పెట్టే ఫిల్టర్ అయితే మాటలతో పొరబడదు. విడి అడ్రస్ ఉన్నప్పుడే ఫిల్టర్‌కి బలం వస్తుంది.

దానికి ఎదురు ఫిల్టర్ కూడా ఒకటి పెట్టుకోండి. మీరు అప్లై చేసిన కంపెనీల డొమైన్ల (మెయిల్ అడ్రస్‌లో @ తర్వాతి భాగం) నుంచి వచ్చేవి ఎప్పుడూ స్పామ్‌లోకి పోకుండా, స్టార్ పడేలా. జీమెయిల్‌లో ‘స్పామ్‌కి పంపవద్దు’ అనే ఎంపిక ఫిల్టర్‌లోనే ఉంటుంది. చెత్త తగ్గించడం కన్నా ఇది ఎక్కువ ఉపయోగం. ఇంటర్వ్యూ కబురు స్పామ్‌లో పడి పోయిందన్న కథ ప్రతి ఉద్యోగ వేటగాడి దగ్గరా ఒకటి ఉంటుంది.

## ఫోన్, వాట్సాప్

ఇక్కడే ఎక్కువమంది తప్పు చేస్తారు, నేను కూడా చేశాను. రెజ్యూమె మీద సొంత నంబర్ ఇచ్చేస్తాం. అది బ్యాంకుకి, ఇంటికి, అన్నిటికీ ఉన్న నంబర్. ఒకసారి డేటాబేస్‌లలోకి పోయాక దాన్ని మార్చుకోవాలంటే జీవితం మొత్తం మార్చుకున్నంత పని.

ఫోన్‌లో రెండో సిమ్‌కి చోటుంటే వేటకు విడి నంబర్ తీసుకోవడం మంచిది. దానికి వేరే రింగ్‌టోన్ పెట్టి, పని గంటల్లో మూగగా ఉంచి, మధ్యాహ్నం ఒకసారి, సాయంత్రం ఒకసారి మిస్డ్ కాల్స్ చూసుకోవచ్చు. వేట అయ్యాక ఆ నంబర్ వదిలేయొచ్చు. వదిలేముందు ఏ ఖాతా ఓటీపీలూ దానికి రాకుండా చూసుకోండి. ఆ నంబర్ తర్వాత ఇంకెవరికో వెళ్తుంది.

విడి నంబర్ వద్దనుకునేవాళ్లు తెలియని కాల్స్ మూగబోయే ఏర్పాటు వాడతారు. ఐఫోన్‌లో 2019 నుంచి, వాట్సాప్‌లో 2023 నుంచి ఇది ఉంది. కాల్ జాబితాలో కనిపిస్తుంది, మోగదు. మామూలు రోజుల్లో ఇది బ్రహ్మాండం. ఇంటర్వ్యూల వారంలో మాత్రం దీన్ని ఆపి ఉంచాలి, ఎందుకంటే ఫోన్ ఇంటర్వ్యూ చేసే మనిషి నంబర్ మీ దగ్గర ఉండదు. రెండుసార్లు మోగి ఎత్తకపోతే ఆయన జాబితాలో తర్వాతి పేరుకు వెళ్లిపోతాడు. ఆపడం ఇష్టం లేకపోతే, ఇంటర్వ్యూ ఖాయం చేసేటప్పుడే ఏ నంబర్ నుంచి చేస్తారో అడిగి కాంటాక్ట్స్‌లో దాచుకోండి.

రెజ్యూమె మీద నంబరే లేకుండా పంపడం ఇంకో దారి. డిమాండ్ ఉన్న సీనియర్లకు చెల్లుతుంది. కొత్తగా వెతికేవాళ్లు ఇలా చేస్తే ఫోన్ చేసి పని తేల్చుకుందామనుకునే హెచ్‌ఆర్ పక్కన పడేస్తుంది.

## రెడీమేడ్ జవాబు

అన్నిటిలోకీ నేను ఎక్కువ నమ్మేది దీన్ని. మెసేజ్‌ను ఆపదు, పంపినవాడే తనను తాను వడకట్టుకునేలా చేస్తుంది. నేను వాడేది దాదాపు ఇలా ఉంటుంది:

> నమస్కారం. మెసేజ్‌కి థాంక్స్. జాబ్ డిస్క్రిప్షన్ పంపగలరా? దాంతో పాటు జీతం పరిధి, పనిచేయాల్సిన చోటు, పర్మనెంటా కాంట్రాక్టా అన్నది చెప్పండి. కంపెనీ పేరు తెలిసి, నేను రాతలో ఒప్పుకునే దాకా నా రెజ్యూమెను ఎవరికీ పంపవద్దు.

గంపగుత్తగా పంపినవాళ్లు దీనికి జవాబివ్వరు, ఎందుకంటే వాళ్లు మెయిల్ చదవరు. చేతిలో ఖాళీ లేకుండా రెజ్యూమెలు పోగుచేసేవాళ్లు ‘ముందు మీ వివరాలు పంపండి, తర్వాత చూద్దాం’ అంటారు. వాళ్లను అక్కడితో వదిలేయొచ్చు. నిజంగా ఖాళీ ఉన్నవాళ్లు చెబుతారు. ఈ పద్ధతిలో అసలు పిలుపు జారిపోదు, మీ సమయం కాపీ, పేస్ట్ అంతే. జీమెయిల్ సెట్టింగ్స్‌లో టెంప్లేట్స్ ఆన్ చేసుకుంటే ఆ కాపీ కూడా అక్కర్లేదు. వాట్సాప్‌కైతే ఫోన్ కీబోర్డులో షార్ట్‌కట్ పెట్టుకోండి.

చివరి వాక్యాన్ని మాత్రం తీసేయకండి. మొదటి వేటలో ఇద్దరు కన్సల్టెన్సీవాళ్లకు ఫోన్‌లో ‘సరే, చూడండి’ అన్నాను. ఇద్దరూ ఒకే కంపెనీకి నా రెజ్యూమె పంపారు. ఫీజు ఎవరికి ఇవ్వాలన్న తగువు ఎందుకని ఆ కంపెనీ నన్నే పక్కన పెట్టింది. ఆ సంగతి నాకు అయిదు వారాల తర్వాత, అదీ ఇంకో పని మీద మాట్లాడుతుంటే తెలిసింది. ఫోన్‌లో అలవాటుగా అనే ‘సరే’ కూడా వాళ్ల లెక్కలో అనుమతే.

కంపెనీ పేరు మొదటి మెసేజ్‌లోనే చెప్పనంత మాత్రాన మోసమని అనుకోవద్దు. చెబితే మీరు నేరుగా అప్లై చేసుకుంటారని వాళ్ల భయం, అందులో న్యాయం ఉంది. అందుకే నా జవాబులో పేరును పంపేముందు చెబితే చాలన్నట్టు రాశాను. పంపే ముందు కూడా చెప్పనంటే ఇక మాటలు అనవసరం. ఏ కంపెనీకి ఎవరి ద్వారా, ఏ తేదీన వెళ్లిందో ఒక చిన్న పట్టిక రాసుకుంటే రెండోసారి ఎవరైనా అడిగినప్పుడు ‘ఇప్పటికే వెళ్లింది’ అని చెప్పేయొచ్చు.

ఈ పద్ధతికి లోపం లేదా అంటే ఉంది. రోజుకు నలభై వచ్చేవాళ్లకు ఇది కూడా భారమే. జవాబిచ్చారు కాబట్టి ఈ అడ్రస్ పనిచేస్తోందని గంపగుత్తవాళ్లకు తెలిసే వీలుంది. అందుకని మీ పేరు, మీ పని ఏ కొంచెమైనా ప్రస్తావించిన మెసేజ్‌లకే నేను జవాబిస్తాను.

## బ్లాక్, రిపోర్ట్, ‘నా వివరాలు తీసేయండి’

బ్లాక్ చేయడం మనిషి మీద కోపం తీర్చుకోవడానికి బాగుంటుంది, గోల తగ్గించడానికి అంతగా పనికిరాదు. ఒకరిని బ్లాక్ చేస్తే అదే సంస్థ నుంచి ఇంకొకరు వస్తారు. పైగా ఈ రంగంలో మనుషులు ఉద్యోగాలు మారుతూ ఉంటారు, ఇవాళ కన్సల్టెన్సీలో ఉన్నవాళ్లు రేపు మీకు కావాల్సిన కంపెనీ హెచ్‌ఆర్‌లో ఉండొచ్చు. వద్దని రెండుసార్లు చెప్పినా వినని వాళ్లకే వాడండి.

అన్‌సబ్‌స్క్రైబ్ లింకు పెద్ద సంస్థల దగ్గర పనిచేస్తుంది. రోజుకు 5,000 కన్నా ఎక్కువ మెయిళ్లు జీమెయిల్ ఖాతాలకు పంపేవాళ్లు తమ ప్రచార మెయిళ్లకు ఒక్క క్లిక్‌తో ఆపే వీలు ఇవ్వాలని గూగుల్ 2024లో నియమం పెట్టింది. ఒంటిచేత్తో తన మెయిల్ నుంచి పంపే రిక్రూటర్‌కి ఇది వర్తించదు.

పాత డేటాబేస్‌లోంచి పేరు తీయించుకోవడం శ్రమైనా, మూలానికి తగిలే మందు అదొక్కటే. యూరోపియన్ యూనియన్‌లో ఉన్నవారికి 2018 మే 25 నుంచి అమల్లో ఉన్న జీడీపీఆర్ అనే వ్యక్తిగత వివరాల రక్షణ చట్టం ఈ హక్కు ఇస్తోంది. తీసేయమని అడిగితే సంస్థ మామూలుగా నెలలోపు జవాబివ్వాలి. చట్టం లేని చోట కూడా మర్యాదగా రెండు వాక్యాల మెయిల్ రాస్తే చాలా సంస్థలు తీసేస్తాయి. గొడవ పడటం వాళ్లకూ దండగే.

మోసగాళ్ల విషయంలో ఏ పోలికా అక్కర్లేదు: జవాబివ్వకుండా రిపోర్ట్ చేయడమే. రిజిస్ట్రేషన్ ఫీజు, ట్రైనింగ్ డిపాజిట్, లాప్‌టాప్ ఖర్చు అని డబ్బు అడిగినా, ఓటీపీ అడిగినా, ఇంటర్వ్యూ కూడా లేకుండా ఆఫర్ అన్నా, కంపెనీ పేరులో ఒక అక్షరం తేడాతో ఉన్న డొమైన్ నుంచి రాసినా అది ఉద్యోగం కాదు. ఉద్యోగార్థి దగ్గర ఫీజు వసూలు చేయకూడదని అంతర్జాతీయ కార్మిక సంస్థ 1997లోనే తన 181వ ఒప్పందంలో రాసింది, కొన్ని మినహాయింపులున్నా మూల సూత్రం అదే. అనుమానంగా ఉంటే ఆ కంపెనీ వెబ్‌సైట్‌లో ఉన్న నంబర్‌కి మీరే ఫోన్ చేసి అడగండి, మెసేజ్‌లో ఇచ్చిన నంబర్‌కి కాదు.

## మీకు ఏది నప్పుతుంది

ఉద్యోగం పోయి అత్యవసరంగా వెతుకుతుంటే: ఏ దారీ మూయకండి. లింక్డిన్‌లో అందరికీ కనిపించేలా పెట్టుకోవచ్చు, సిగ్గుపడాల్సింది ఏమీ లేదు. విడి మెయిల్, విడి నంబర్, రెడీమేడ్ జవాబు. డిలీట్ ఫిల్టర్, తెలియని కాల్స్ మూగబోవడం రెండూ వద్దు. గోల భరించాలి, కానీ రోజులో ఫలానా గంటన్నర అని దానికి హద్దు పెట్టుకోండి. లేకపోతే రోజంతా ఫోన్ చూసుకోవడమే పనై, అప్లై చేయడం వెనకబడుతుంది. టెన్షన్‌లో ఉన్నప్పుడే మోసగాళ్లకు దొరికిపోతాం కాబట్టి పై పేరా ఇంకోసారి చదవండి.

ఉద్యోగంలో ఉండి గుట్టుగా చూస్తుంటే: మీకు మెసేజ్‌ల సంఖ్య కన్నా ఆఫీసులో ఫోన్ మోగడమే పెద్ద సమస్య. రెజ్యూమెను పోర్టల్‌లో అందరికీ కనబడేలా పెట్టకండి, మీరే ఎంచి అప్లై చేయండి. ఫోన్ బదులు మెయిల్ చేయమని ప్రొఫైల్‌లోనే రాయండి. తెలియని కాల్స్ మూగబోయేలా పెట్టుకోవడం మీకే సరిగ్గా సరిపోతుంది.

మొదటి ఉద్యోగం వెతుకుతుంటే: మీకు వచ్చేవాటిలో మోసాలు, ‘ట్రైనింగ్ తర్వాత ఉద్యోగం’ రకాలు ఎక్కువ. అయినా మీరు ఎక్కువ మందితో మాట్లాడాలి, అదీ ఒక నేర్పే. విడి మెయిల్ చాలు, ఫిల్టర్లతో కాలం వృథా చేయకండి. జీతం పరిధి అడగడానికి మొహమాటపడొద్దు.

డిమాండ్ ఉన్న నైపుణ్యం ఉండి, రోజుకు పదుల్లో వస్తుంటే: మీరే గట్టిగా బిగించగలిగిన స్థితిలో ఉన్నారు. మాటలు తీసేయండి, రెజ్యూమె మీద నంబర్ తీసేయండి, ‘జీతం పరిధి, చోటు లేని మెసేజ్‌లకు జవాబివ్వను’ అని ప్రొఫైల్ పైనే ఒక వాక్యం రాయండి. అందరూ చదవరు. చదివినవాళ్లు మాత్రం పద్ధతిగా రాస్తారు.

కాంట్రాక్టు పనులు చేసేవాళ్లైతే: రిక్రూటర్లే మీ మార్కెట్. ఇవాళ వద్దన్న మనిషి ఆర్నెల్ల తర్వాత కావాలి. బ్లాక్ అనే ఆలోచన మానుకుని, ‘ఫలానా నెల దాకా ఖాళీ లేను, తర్వాత రాయండి’ అన్న జవాబు పెట్టుకోండి. ఎవరి ద్వారా ఎక్కడికి వెళ్లిందో రాసుకునే పట్టిక మీకు అందరికన్నా అవసరం.

## ఆఫర్ చేతికొచ్చాక

ఆఫర్ రాగానే అన్నీ మూసేయాలనిపిస్తుంది. చేరే రోజు దాకా ఆగండి. ఆఫర్లు వెనక్కి పోయిన సందర్భాలు ఉన్నాయి, నోటీస్ పీరియడ్ నడుస్తుండగా అన్ని దారులూ మూసుకున్నవాళ్లు మళ్లీ మొదటి నుంచి మొదలుపెట్టాల్సి వస్తుంది. చేరిన మొదటి వారం ‘ఓపెన్ టు వర్క్’ తీసేయండి, పోర్టళ్లలో రెజ్యూమె దాచేయండి. మధ్యలో ఉన్న రిక్రూటర్లకు ‘చేరిపోయాను, థాంక్స్’ అని ఒక మాట రాయండి. విడి మెయిల్‌ను, నంబర్‌ను మాత్రం ప్రొబేషన్ అయ్యేదాకా ఉంచి, తర్వాత వదిలించుకోండి.